ఏ కార్డులో ఏముంది? ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాను. ఒకే కంపెనీవి, ఒకేసారి కొన్న 64 జీబీ ఎస్‌డీ కార్డులు నాలుగున్నాయి. పెళ్లికూతుర్ని చేసింది ఒకదాంట్లో, ముహూర్తం ఇంకోదాంట్లో, అప్పగింతలు మరోదాంట్లో ఉంటాయి. తెల్లవారుజామున మూడింటికి మండపంలో కార్డు మార్చాల్సి వస్తే ఏది ఖాళీయో, ఏది నిండిందో తెలియక చేతులు వణుకుతున్నాయి. కంప్యూటర్లో నాలుగింటికీ వేరువేరు పేర్లు పెట్టాను. నెల తిరక్కుండానే అన్నింటికీ ఒకే పేరు కనిపిస్తోంది. ఎందుకిలా?
- ఒక ఫొటోగ్రాఫర్, తణుకు

జవాబు: మీరు పెట్టిన పేర్లు చెరిపింది మీ కెమెరాయే. కెమెరాలో ఫార్మాట్ చేసినప్పుడు అది పాత పేరు తీసేసి తన పేరు రాసుకుంటుంది. కానన్ కెమెరాలో ఫార్మాట్ చేసిన కార్డును కంప్యూటర్లో పెడితే సాధారణంగా 'ఈఓఎస్_డిజిటల్' అని కనిపిస్తుంది. నికాన్‌లోనైతే కెమెరా మోడల్ పేరు కనిపిస్తుంది. పెళ్లి పెళ్లికీ ఫార్మాట్ చేసే మీలాంటివాళ్లకు కంప్యూటర్లో పెట్టిన పేరు నిలవదు. ఫార్మాట్ చెరపలేని చోట, అంటే కార్డు ఒంటి మీదే గుర్తుండాలి.

ఆ గుర్తు అంకె అయితే మంచిది. చాలామంది కార్డు మీద 'ముహూర్తం' అనో, 'రిసెప్షన్' అనో రాస్తారు. వచ్చే వారం ఇంకో పెళ్లిలో ఆ రాత తప్పవుతుంది. దాన్నే నమ్మితే కార్డు చెరిపేస్తాం. కార్డుకు 1, 2, 3, 4 అని వేయండి. ఈసారి దేంట్లో ఏముందన్నది జేబులోని చిన్న పుస్తకంలో రాసుకోండి. కార్డు ఉన్నన్నాళ్లూ దాని అంకె మారదు, పుస్తకంలో పేజీ మాత్రం పెళ్లికొకటి మారుతుంది. సన్నమొన పర్మనెంట్ మార్కరుతో కంపెనీ పేరున్న వైపు రాయండి. వెనకవైపు బంగారు రంగు పట్టీల మీద సిరా పడకూడదు.

నేను అన్నింటికంటే గట్టిగా నమ్మే పద్ధతి ఇంకొకటుంది. ఫార్మాట్ చేయగానే మొదటి ఫొటోగా ఒక కాగితం ముక్కను తీయండి. దాని మీద కార్డు అంకె, తేదీ, పెళ్లివారి ఇంటిపేరు పెద్దగా రాసి ఉండాలి. అప్పుడు ఆ కార్డును ఎవరు ఏ కెమెరాలో పెట్టి చూసినా మొదటి బొమ్మే సంగతంతా చెబుతుంది. మీ అసిస్టెంటు పొరపాటున కార్డులు కలిపేసినా పది సెకన్లలో తేలిపోతుంది.

నిండిన కార్డు బయటికి తీయగానే ఎడమ అంచున ఉన్న చిన్న మీటను కిందికి, 'లాక్' వైపు జరపండి. అలా జరిపిన కార్డును కెమెరాలో పెడితే కెమెరా దాని మీద రాయదు, ఫార్మాటూ చేయదు. ఖాళీ కార్డుల మీట పైకే ఉంటుంది. చీకట్లో కూడా గోటితో తడిమి ఏది నిండిందో చెప్పొచ్చు. అయితే ఆ మీట కెమెరాకు ఒక సైగ మాత్రమే. కార్డు లోపలి చిప్‌కు దానితో సంబంధం లేదు. అంచేత మీట జరిపాం కదా అని కాపీ తీయడం వాయిదా వేయకండి.

ఫొటోల నంబర్ల సంగతి కూడా చూసుకోండి. 'డీసీఐఎం' ఫోల్డరులో ఫైళ్లకు 0001 నుంచి 9999 వరకు వరస ఉంటుంది. మెనూలో ఫైల్ నంబరింగ్ 'ఆటో రీసెట్' అని ఉంటే ఖాళీ కార్డు పెట్టిన ప్రతిసారీ వరస మళ్లీ 0001 దగ్గర మొదలవుతుంది. అప్పుడు జీలకర్ర-బెల్లం ఫొటోకూ అప్పగింతల ఫొటోకూ ఒకే పేరు వస్తుంది. రెండూ ఒకే ఫోల్డరులోకి లాగితే, ఉన్నదాన్ని తీసి దీన్ని పెట్టమంటారా అని కంప్యూటర్ అడుగుతుంది. నిద్రమత్తులో సరే అంటే ఒకటి పోయినట్టే. నంబరింగ్‌ను 'కంటిన్యువస్'లో ఉంచండి. కంప్యూటర్లో కార్డుకొక ఫోల్డరు పెట్టండి.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. మా పెదనాన్న షష్టిపూర్తి ఫొటోలున్న కార్డును ఖాళీది అనుకుని నేనే ఫార్మాట్ చేశాను. తెలిసిన వెంటనే వాడకం ఆపేసి, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెతికితే చాలావరకు దొరికాయి. కెమెరాలో మామూలుగా చేసే ఫార్మాట్ సూచికను చెరుపుతుంది, బొమ్మలు చాలాసార్లు లోపలే ఉంటాయి. వాటి మీద కొత్త ఫొటో పడితేనే పోతాయి. నేను గమనించేలోపు ఓ ఇరవై ఫొటోలు తీసేశాను. దండలు మార్చుకున్న బొమ్మలు వాటి కింద పడిపోయాయి. పెదనాన్న ఇప్పుడు లేరు. మీ చేతిలో ఉన్నవి ఇతరుల ఇంటి జ్ఞాపకాలు కాబట్టి ఆ బాధ మీకు రాకూడదని కోరుకుంటున్నాను.

ప్రశ్న: ఫోన్లో వేసే చిన్న మెమరీ కార్డు మీద కాగితం స్టిక్కరు అంటించవచ్చా? రంగు కోసం గోళ్లరంగు చుక్క పెట్టవచ్చా?
- గృహిణి, నంద్యాల

జవాబు: రెండూ వద్దు. మైక్రో ఎస్‌డీ కార్డు పొడవు 15 మిల్లీమీటర్లు, వెడల్పు 11, మందం 1 మాత్రమే. ఫోన్ ట్రే సరిగ్గా ఆ మందానికే చేసి ఉంటుంది. స్టిక్కరు మూల లేస్తే కార్డు ట్రేతో సహా లోపల ఇరుక్కుంటుంది. గోళ్లరంగు కూడా ఆరాక బొడిపెలా నిలుస్తుంది. మార్కరుతో ఒక్క అంకె వేయండి. నల్ల కార్డయితే తెల్ల సిరా పెన్ను వాడి, బాగా ఆరాకే లోపల పెట్టండి. కార్డు పెట్టుకునే చిన్న ప్లాస్టిక్ డబ్బీకి మాత్రం మీకు నచ్చిన రంగు స్టిక్కరు అంటించుకోవచ్చు.

ప్రశ్న: నా దగ్గర మూడు మైక్రో ఎస్‌డీ కార్డులున్నాయి. ఒకదాంట్లో నేను ఊళ్లు తిరిగి రికార్డు చేసిన ఒగ్గుకథలు, ఒకదాంట్లో పిల్లల వీడియోలు, ఒకదాంట్లో స్కూలు పాఠాలు. ఏది పెట్టినా ఫోన్లో 'ఎస్‌డీ కార్డు' అనే వస్తుంది. బయటికి తీయకుండా లోపల ఏదుందో తెలుసుకునే దారి ఉందా?
- ఉపాధ్యాయుడు, జనగామ

జవాబు: ఉంది. కెమెరా కార్డులా మీరు మాటిమాటికీ ఫార్మాట్ చేయరు కాబట్టి మీకు లోపలి పేరు బాగా పనికొస్తుంది. కార్డును రీడరులో పెట్టి కంప్యూటర్‌కు తగిలించండి. డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి 'రీనేమ్' నొక్కి కొత్త పేరు ఇవ్వండి. పదకొండు అక్షరాలకు మించి పట్టదు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు వాడితే ఏ ఫోన్లోనూ పేచీ రాదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు స్టోరేజ్ సెట్టింగుల్లో ఆ పేరే చూపిస్తాయి.

మీ ఫోన్ చూపించకపోతే ఫైల్ మేనేజరులో ఏదైనా ఫైలు వివరాలు తెరిచి, అది ఉన్న దారి చూడండి. 'స్టోరేజ్' అన్న మాట తర్వాత ఎనిమిది గుర్తులుంటాయి. నాలుగు, ఒక అడ్డగీత, మళ్లీ నాలుగు. అంకెలు, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు కలిసి ఉంటాయి. ఫార్మాట్ చేసినప్పుడు ఆ కార్డుకు పడే నంబరు అది. ఒకే కంపెనీ, ఒకే సైజు కార్డులైనా అది వేరువేరుగా ఉంటుంది. మళ్లీ ఫార్మాట్ చేస్తే మారుతుంది. మూడింటివీ ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి.

ఇవేవీ వద్దనుకుంటే ప్రతి కార్డులో 'కార్డు 1', 'కార్డు 2' అని ఖాళీ ఫోల్డరు ఒకటి చేయండి. ఫోల్డరుకు తెలుగు పేరు నిక్షేపంగా పెట్టుకోవచ్చు.

ఒగ్గుకథల కార్డు గురించి మాత్రం ఒక మాట. మెమరీ కార్డు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకెళ్లడానికి పనికొచ్చేదే గానీ, ఏళ్ల తరబడి దాచుకోవడానికి కాదు. వాడకుండా పక్కన పడేసిన కార్డులో రాసింది కాలం గడిచేకొద్దీ చెడిపోవచ్చు. ఆ కథలు పాడిన పెద్దలు మళ్లీ పాడగలరో లేదో. ఈ వారంలోనే వాటిని రెండు వేరువేరు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించండి. కథకుడి పేరు, ఊరు, తేదీ ఫైలు పేరులోనే చేర్చండి.

ప్రశ్న: రెండు 128 జీబీ కార్డులున్నాయి. ఒకదాంట్లో 4కే వీడియో సాఫీగా వస్తుంది, రెండోదాంట్లో మధ్యలో ఆగిపోతోంది. చూడ్డానికి తేడా తెలియడం లేదు.
- డిగ్రీ విద్యార్థి, విజయనగరం

జవాబు: కార్డు మీది చిన్న గుర్తులు చూడండి. 'సీ' అక్షరంలో 10 ఉంటే సెకనుకు కనీసం 10 మెగాబైట్లు రాయగలదని అర్థం. 'యూ'లో 1 ఉన్నా అంతే. 'యూ'లో 3 గానీ, 'వీ30' గానీ ఉంటే కనీసం 30 మెగాబైట్లు. మీ 4కే వీడియోకు ఈ చివరి రకం వాడండి. పెద్ద అక్షరాల్లో 150, 170 అని వేసేది సాధారణంగా చదివే వేగం, అదీ అన్నీ కుదిరినప్పుడు. వీడియో తీసేటప్పుడు అది లెక్కకు రాదు. 'ఏ1', 'ఏ2' అన్నవి యాప్‌లు నడపడానికి సంబంధించినవి.

గుర్తులు రెండింటి మీదా ఒకేలా ఉండి కూడా ఒకటి మొరాయిస్తే నకిలీదేమో చూడాలి. ముందు అందులోవి కాపీ చేసుకుని, విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో కార్డు మొత్తం నింపించి, తిరిగి చదివించండి. రాసింది రాసినట్టు తిరిగి రాకపోతే ఆ కార్డు వాడకండి.

ప్రశ్న: మా అబ్బాయికి స్టీమ్ డెక్ కొనిచ్చాం. మూడు కార్డుల నిండా గేములు. ఏ గేము దేంట్లో ఉందో తెలియక ఒక్కోటీ మార్చి మార్చి చూస్తున్నాడు. నా విండోస్ లాప్‌టాప్‌లో పెడితే ఫార్మాట్ చేయమంటోంది.
- ఒక తల్లి, డాలస్

జవాబు: ఫార్మాట్ చేయకండమ్మా. స్టీమ్ డెక్ కార్డును లైనక్స్ వాడే పద్ధతిలో ఫార్మాట్ చేస్తుంది. విండోస్‌కు ఆ పద్ధతి తెలియక కార్డు చెడిపోయిందనుకుంటుంది. కార్డులకు అంకెలు వేయించి, ఒక్కోటి పెట్టినప్పుడు స్టోరేజ్ తెరలో కనిపించే గేముల జాబితా ఫొటో తీసి, అంకెతో సహా ఫోన్లో దాచుకోమనండి. గేము ఎక్కించినా తీసినా కొత్త ఫొటో తీసుకోవాలి.

ప్రశ్న: అమ్మ పోయి ఏడాదైంది. ఆవిడ డ్రాయరులో మూడు మెమరీ కార్డులు దొరికాయి. రెండింట్లో భక్తిపాటలున్నాయి. మూడోది నా ఫోన్లో పెడితే 'ఫార్మాట్ చేయాలి' అంటోంది. అమ్మ తన గొంతుతో పాడి రికార్డు చేసుకున్న మంగళహారతులు అందులోనే ఉన్నాయని నా నమ్మకం. షాపులో అడిగితే పాడైపోయింది, పారేయమన్నారు.
- ఒక కూతురు, మచిలీపట్నం

జవాబు: పారేయకండి. ఫార్మాట్ బటన్ జోలికి అసలే వెళ్లకండి. అది పాడైన కార్డు కాకపోవచ్చు.

2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి కార్డును ఫోన్ సొంత మెమరీలో భాగంగా కలుపుకునే వీలు వచ్చింది. అన్ని కంపెనీలూ దాన్ని ఇవ్వలేదు, ఇచ్చిన ఫోన్లూ చాలానే ఉన్నాయి. అలా కలిపిన కార్డులో ఉన్నదంతా ఆ ఫోన్ తాళం వేసి దాస్తుంది. తాళంచెవి ఆ ఫోన్లోనే ఉంటుంది. వేరే ఏ ఫోన్లో పెట్టినా అక్షరం చదవలేక, ఖాళీ కార్డనుకుని ఫార్మాట్ అడుగుతుంది.

మీ కార్డు అలాంటిదేనా అన్నది కంప్యూటర్లో తేల్చుకోవచ్చు. రీడరులో పెట్టి, విండోస్‌లో 'డిస్క్ మేనేజ్‌మెంట్' తెరవండి. కార్డు రెండు ముక్కలుగా, ఒకటి 16 ఎంబీ అంత చిన్నది, మిగతాదంతా ఇంకొకటిగా కనిపిస్తే దాదాపు ఖాయం. దేన్నీ నొక్కకుండా మూసేయండి. రెండు ముక్కలు లేకపోతే కార్డు ఏ పద్ధతిలో ఫార్మాటయిందో కూడా అక్కడే చూడండి. 64 జీబీ, ఆపై కార్డులు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి, కొన్ని పాత ఫోన్లకు అది తెలియదు. ఆ ఇబ్బందే అయితే పాటలు కంప్యూటర్లో మామూలుగానే తెరుచుకుంటాయి.

మొదటిదే అయితే అమ్మగారి పాత ఫోన్ కావాలి. దాన్ని ఎవరికైనా ఇచ్చేశారా? ఇచ్చి ఉంటే ఇవాళే ఫోన్ చేసి, రీసెట్ చేయవద్దని చెప్పండి. రీసెట్ చేస్తే తాళంచెవి పోతుంది, తర్వాత ఆ కార్డును ఎవరూ తెరవలేరు. ఇప్పటికే రీసెట్ అయి ఉంటే ఆశ పెట్టుకోవద్దని చెప్పక తప్పదు. తెరిపిస్తామని డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి.

ఫోన్ దొరికితే ముందు పూర్తిగా ఛార్జి పెట్టండి. ఆపేసి, కార్డు వేసి, ఆన్ చేయండి. పాటలు కనిపించగానే అక్కడే వింటూ కూర్చోకుండా, కేబులుతో కంప్యూటర్‌కు తగిలించి మొత్తం కాపీ చేయండి. ఇంకో కాపీ మీ అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో ఒకరి దగ్గర ఉంచండి. రెండుచోట్లా పాటలు మొదటినుంచి చివరిదాకా వినిపిస్తున్నాయని చూసుకున్నాకే ఆ కార్డును బయటికి తీయండి. తీశాక దాని మీద 3 అని రాసి, ఆ ఫోన్‌తోపాటే ఒకే డబ్బాలో పెట్టండి. రెండూ విడిపోకూడదు.