ఆట స్థలములో మన బిడ్డల క్షేమము

చదువవలసిన భాగము: 1 సమూయేలు 2:12–26, 3:1–18

అరకులోయలోను, చుట్టుపట్ల కొండ పల్లెలలోను సాయంకాలమైనదనగా బిడ్డలు మైదానమునకు పరుగెత్తుదురు. వాలీబాల్, కబడ్డీ, పరుగు పందెములు వారికి ప్రాణము. ఆట మంచిదే, అది ఒంటికి బలమును, మనస్సుకు క్రమమును నేర్పును. అయితే ఆశ్రమ పాఠశాలలో చదువుకొను బిడ్డకు తలిదండ్రులు దూరము. జట్టు పోటీలకు విశాఖపట్నము పోయినయెడల కొండలు దిగి రైలు ప్రయాణము, రాత్రి పరాయిచోట బస. అట్టి వేళ ఆ బిడ్డ యెవరి చేతిలో నున్నది? ఈ పాఠములో మనము విచారింపవలసిన ప్రశ్న యిదియే.

1. ఏలీ యెక్కడ తప్పిపోయెను?

షిలోహులో ఏలీ కుమారులు తమ పదవిని అడ్డము పెట్టుకొని ప్రజలను బాధించిరి, గుడారమునొద్ద సేవచేయు స్త్రీలను చెరిపిరి. ఏలీ ఆ సంగతి వినెను. వారిని మందలించెను కూడ. కాని వారిని ఆ పనినుండి తొలగింపలేదు. మందలింపుతో ఆగిపోయిన పెద్దరికము ఎవరిని కాపాడును?

ఇది పాతకాలపు మాట మాత్రమే కాదు. 1990లో హర్యానాలో 14 ఏండ్ల టెన్నిస్ క్రీడాకారిణిపట్ల ఆ రాష్ట్ర టెన్నిస్ సంఘాధ్యక్షుడే అసభ్యముగా ప్రవర్తించెను. అతడు పెద్ద పోలీసు అధికారి. ఫిర్యాదు వచ్చినను, అతడు తరువాత ఆ శాఖకే అధిపతి ఆయెను. అతనికి శిక్ష పడినది 2009లో. ఆ బాలిక 1993లోనే చనిపోయెను. అమెరికాలో జిమ్నాస్టిక్స్ జట్టు వైద్యునికి 2018లో శిక్ష విధించునప్పుడు 150 మందికి పైగా న్యాయస్థానములో తమ బాధ వినిపించిరి. వారిలో కొందరు ఎన్నో యేండ్ల ముందే పెద్దలకు చెప్పియుండిరి. ఆ పెద్దలు వినలేదు.

2. సమూయేలు ఎందుకు భయపడెను?

తాను చెప్పవలసిన మాట తనను పెంచుచున్న పెద్ద యింటిని గూర్చినదే గనుక ఆ బాలుడు వెరచెను. అప్పుడు ఏలీయే అతని పిలిచి, ఏమియు దాచక చెప్పుమని అడిగెను. ఈ ఒక్క విషయములో ఏలీ మనకు మాదిరి. బిడ్డ తానై వచ్చి చెప్పునని కాచుకొనరాదు, మనమే అడుగవలెను.

మన బిడ్డలకు బూట్లు ఇచ్చువాడు, జట్టులో చోటిచ్చువాడు శిక్షకుడే. అతనికి ఎదురు చెప్పుట సులభమా? పైగా ఇంట కువి గాని ఆదివాసీ ఒరియా గాని మాటలాడు బిడ్డకు సిగ్గుపడు సంగతి తెలుగులో చెప్పుటకు నోరు రాదు. దాని భాషలోనే వినవలెను. ఆటపై మనస్సు విరిగినను, ఒకని పేరు వినగానే ముడుచుకొనినను, ఎవరో రహస్యముగా కానుకలిచ్చుచున్నను మెల్లగా అడుగుడి. ఇవి రుజువులు కావు, అడుగుటకు కారణములు.

3. చట్టమేమి చెప్పుచున్నది?

2012 నాటి పోక్సో చట్టము 18 ఏండ్లలోపు బాలబాలికల నందరిని కాపాడును. నేరము జరిగినదని తెలిసిన ప్రతివాడును పోలీసులకు తెలుపవలెను. తెలుపనియెడల ఆరు నెలల వరకు చెరసాల. తన క్రిందివాని నేరమును దాచిన సంస్థాధిపతికి ఒక సంవత్సరము వరకు. మంచి మనస్సుతో తెలిపినవారిపై నేరము మోపరాదు. బిడ్డ మాటను ఇంటివద్దనే వ్రాసికొనవచ్చును. భాష తెలియనియెడల దుబాసిని ఏర్పరచవలెను. ఊరి పెద్దలు తగవు తీర్చి, తప్పు కట్టించి ముగించు వ్యవహారము కాదిది.

4. సంఘము ఉంచుకొనవలసిన కట్టుబాట్లు

(అ) శిక్షకుని పూర్వపు నడతను విచారించిన పిమ్మటనే చేర్చుకొనవలెను.
(ఆ) ఏ పెద్దవాడును ఒక్క బిడ్డతో ఒంటరిగా నుండరాదు.
(ఇ) బాలికల జట్టు వెంట నమ్మకమైన స్త్రీ వెళ్లవలెను. బస వేరుగా నుండవలెను.
(ఈ) బిడ్డలు ఫిర్యాదు చెప్పుటకు శిక్షకుడు కాని మరియొకరిని నియమింపవలెను.
(ఉ) 1098 అను బాలల సహాయ సంఖ్యను మైదానపు గోడపై వ్రాయవలెను. ఫోను అందని పల్లెలవారు నేరుగా పోలీసు స్టేషనుకు పోవలెను.
(ఊ) ఫిర్యాదు వచ్చిన దినముననే ఆ వ్యక్తిని బిడ్డలనుండి దూరపరచవలెను. బిడ్డ పేరు మాత్రము ఎవరికిని చెప్పరాదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన యూరి జట్టు వెంట పోవువారెవరో మనకు తెలియునా?
2. మన బిడ్డ భయపడి చెప్పిన మాటను మొదట నమ్ముదుమా, కసరుదుమా?
3. తప్పు చేసినవాడు మన బంధువైనయెడల ఏమి చేయుదుము?

మూడవ ప్రశ్నయే ఏలీ యెదుట నిలిచిన ప్రశ్న. దానికి సమాధానము అవసరము వచ్చినప్పుడు కాదు, ఇప్పుడే నిర్ణయించుకొనుడి.