అవిధవ నవమి: నానమ్మను తలుచుకునే రోజు

భాద్రపద బహుళ పాడ్యమి నుంచి అమావాస్య దాకా మహాలయ పక్షం. అందులో నవమిని అవిధవ నవమి అంటారు. భర్త ఉండగానే వెళ్ళిపోయిన ఇల్లాలిని స్మరించే తిథి ఇది.

మా సికింద్రాబాద్ ఇంట్లో అది నానమ్మ రోజు. కాశీ, గయ, రామేశ్వరం అన్నీ తిరిగింది, ఒక్కసారి కూడా ఒంటరిగా కాదు. టిక్కెట్లు తీసేముందు "ఇంకెవరొస్తారర్రా?" అని చుట్టాలందరినీ అడిగేది. గుజరాత్‌లోని సిద్ధపురం మాత్రం చూడలేదు. దాన్ని మాతృగయ అంటారు. అక్కడి బిందు సరోవరం దగ్గర కపిలుడు తల్లి దేవహూతికి తత్త్వం బోధించాడని నమ్మకం. ఆ కథ భాగవతం 3వ స్కంధంలో ఉంది.

ఆ రోజు ముత్తైదువకు భోజనం పెట్టి, పసుపు కుంకుమ, తాంబూలం, రవికెల గుడ్డ ఇస్తాం. పద్ధతి ఇంటింటికీ మారుతుంది, మీ పెద్దల్ని అడగండి.

తాతయ్య ఈమధ్య మా పేర్లే మర్చిపోతున్నారు. నానమ్మ పేరు దగ్గర మాత్రం తడబడరు. శ్రాద్ధంలో నాన్న మూడు తరాల అమ్మల పేర్లు చెప్పాలి. మూడో పేరు తాతయ్యకే తెలుసు. ఈసారి రాసుకున్నాను.

మీ ముత్తమ్మ పేరు మీకు తెలుసా? ఈరోజే ఇంటికి ఫోన్ చేసి అడగండి.