గుండెకు కాథెటర్ పరీక్ష – నొప్పిని తగ్గించే మార్గాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు
• కాథెటర్ పరీక్షలో నొప్పి ఎక్కడ, ఎందుకు కలుగుతుందో చెప్పగలుగుతారు.
• దాన్ని తగ్గించే మార్గాలను వివరించగలుగుతారు.
• వెంటనే చెప్పవలసిన నొప్పిని గుర్తించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

"గుండెలోకి గొట్టం వేస్తారట" అనగానే ఎవరికైనా భయం కలగడం సహజం. 1929లో జర్మనీలో వెర్నర్ ఫార్స్‌మన్ అనే యువ వైద్యుడు తన చేతికి తిమ్మిరి మందు ఇచ్చుకొని, సిర గుండా సన్నని గొట్టాన్ని గుండె వరకు తానే పంపుకున్నాడు. అలాగే ఎక్స్‌రే గదికి నడిచి వెళ్ళాడు. 1956లో ఆయనకు, మరో ఇద్దరికి కలిపి నోబెల్ బహుమతి లభించింది. గుండెలో గొట్టంతో ఆయన ఎలా నడవగలిగాడు?

2. నొప్పి ఎక్కడ?

రక్తనాళాల లోపలి పొరలో నొప్పిని తెలిపే నాడులు దాదాపు ఉండవు. అందువల్ల గొట్టం లోపల కదిలినా సాధారణంగా తెలియదు. సూది గుచ్చినప్పుడు, చేతి ధమని బిగుసుకున్నప్పుడు, గొట్టం తీసి అదిమి పట్టినప్పుడు, తర్వాత కదలకుండా పడుకున్నప్పుడు నొప్పి తెలుస్తుంది.

3. పరీక్ష జరిగేటప్పుడు

రోగి సాధారణంగా మెలకువగానే ఉంటాడు. మణికట్టు దగ్గర గాని, గజ్జ దగ్గర గాని లిగ్నోకెయిన్ వంటి మందు ఇస్తారు. మొదట కాస్త మంట పుడుతుంది. నెమ్మదిగా ఎక్కిస్తే మంట తగ్గుతుంది. ఇంకా నొప్పి తెలుస్తుంటే చెప్పండి. మరికొంత మందు ఇస్తారు. భయపడితే చేతి ధమని బిగుసుకోవచ్చు. దాన్ని సడలించే మందులున్నాయి. రంగుమందు ఎక్కించినప్పుడు ఒళ్ళు వేడెక్కినట్లు అనిపించి, కొద్ది క్షణాల్లో తగ్గుతుంది. ఛాతీలో నొప్పి వస్తే మాత్రం వెంటనే చెప్పాలి.

4. పరీక్ష తర్వాత

మణికట్టు నుంచి చేస్తే త్వరగా లేచి కూర్చోవచ్చు. గజ్జ నుంచి చేస్తే కొన్ని గంటలు కాలు చాచి పడుకోవాలి. నడుము నొప్పి పుడితే నర్సును అడిగి తలవైపు కొద్దిగా ఎత్తించుకోండి. దగ్గు వస్తే గుచ్చిన చోట చేత్తో అదిమి పట్టుకోండి. నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోకండి.

5. ఓర్చుకోకూడని నొప్పి

ఒక తల్లి "నర్సమ్మను మాటిమాటికీ ఎందుకు పిలవడం?" అని నడుము నొప్పిని పళ్ళ బిగువున ఓర్చుకుందనుకోండి. అది పడుకోవడం వల్ల వచ్చిన నొప్పే కావచ్చు. కాని లోపల రక్తం కారినా నడుములో, పొత్తికడుపులో నొప్పి వస్తుంది. ఏది ఏదో తేల్చవలసింది ఆమె కాదు, వైద్య సిబ్బంది. ఆమె పని చెప్పడమే. గుచ్చిన చోట వాపు, రక్తం, చేయి లేదా కాలు చల్లబడటం, తిమ్మిరెక్కడం కనిపించినా వెంటనే పిలవాలి. ఇంట్లో రక్తం కారితే రోగిని పడుకోబెట్టి, ఆ చోట గట్టిగా అదిమి, సహాయం కోసం పిలవండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గొట్టం లోపల కదిలినా నొప్పి ఎందుకు తెలియదు?
2. పరీక్ష తర్వాత వచ్చే నడుము నొప్పిని ఎందుకు దాచకూడదు?

జవాబులు

1. రక్తనాళాల లోపలి పొరలో నొప్పి నాడులు దాదాపు లేకపోవడం వల్ల.
2. అది లోపలి రక్తస్రావానికి గుర్తు కావచ్చు కాబట్టి.