పొక్లెయిన్ కోడ్ చూపిస్తోందా? సెన్సరు మార్చే ముందు వైరు చూడండి

ఎండాకాలంలో కాల్వలు కట్టేశారంటే కోనసీమలో పొక్లెయిన్‌కి చేతినిండా పని. బోదెల్లో పూడిక తీయాలి, మురుగు డ్రెయిన్లు బాగుచెయ్యాలి, గట్లు ఎత్తు చెయ్యాలి. ఉప్పలగుప్తం, అల్లవరం, కాట్రేనికోన, మలికిపురం వైపు రొయ్యల చెరువుల పని సరేసరి. కాల్వలకు నీళ్లు వదిలేలోగా పని అయిపోవాలి. సరిగ్గా అప్పుడే మానిటర్ మీద ఎర్ర లైటు వెలిగి ఏదో నంబరు పడితే యజమానికి గుండె ఆగినంత పని అవుతుంది.

ఈమధ్య మన రైతులు ఇద్దరు ముగ్గురు కలిసి పాత పొక్లెయిన్లు కొంటున్నారు. సొంత చెరువు పని చేసుకుని, మిగతా రోజులు గంటల లెక్కన అద్దెకు తిప్పుతున్నారు. ఇలాంటి వాళ్లకు కోడ్ పడగానే "సెన్సరు పోయింది, కంప్యూటర్ పోయింది" అనే మాటే ముందు వినబడుతుంది. సామాను మార్చాక కూడా అదే కోడ్ మళ్లీ వస్తుంది. రోగం ఒకటి, మందు ఒకటి అన్నమాట.

కోడ్ ఏం చెబుతుంది?

కోడ్ అంటే ఫలానా సామాను పాడైందని కాదు. ఆ సెన్సరు చూసే విషయంలో గానీ, సెన్సరు, దాని ప్లగ్గు, వైరు, ఎర్తు, ఈ నాలుగింట్లో గానీ ఎక్కడో తేడా ఉందని మాత్రమే. కొన్ని కంపెనీలకు సొంత కోడ్‌లుంటాయి, వాటికి ఆ మోడల్ పుస్తకమే చూడాలి. చాలా ఎలక్ట్రానిక్ ఇంజన్లలో మాత్రం రెండు నంబర్లు పడతాయి. మొదటిది ఎస్‌పీఎన్, అంటే ఏ విషయం అన్నది. 100 అయితే ఇంజనాయిల్ ప్రెషర్, 110 అయితే నీళ్ల వేడి, 97 అయితే డీజిల్‌లో నీరు. రెండోది ఎఫ్‌ఎంఐ, అంటే ఏ రకం తేడా అన్నది. అసలు కిటుకంతా ఈ రెండో నంబరులోనే ఉంది.

- 0 లేదా 1: సెన్సరు నిజమే చెబుతోంది. 0 అయితే మరీ ఎక్కువ, 1 అయితే మరీ తక్కువ.
- 2: రీడింగ్ నిలకడగా లేదు.
- 3: సిగ్నల్ వోల్టేజి ఎక్కువ.
- 4: సిగ్నల్ వోల్టేజి తక్కువ.
- 5: కరెంటు తక్కువ, లేదా వైరు తెగింది.
- 6: కరెంటు ఎక్కువ, లేదా వైరు బాడీకి తగిలింది.

100తో పాటు 1 పడిందంటే ఆయిల్ ప్రెషర్ నిజంగానే పడిపోయిందని అర్థం. వెంటనే ఇంజన్ ఆపండి. "ఈ ఒక్క గట్టు అయ్యాక చూద్దాంలే" అంటే ఇంజనే పోతుంది. 100తో 3 గానీ 4 గానీ పడితే వైరింగు అనుమానం. అప్పుడు కూడా మామూలు గేజి బిగించి ప్రెషర్ ఉందని తేల్చుకున్నాకే నడపండి.

వరస తప్పకుండా వెతకండి

బకెట్ నేల మీద పెట్టి, లాక్ లివర్ వేసి, తాళం తీశాకే చెయ్యి పెట్టండి. ఇరవై నాలుగు వోల్టులు చూడగలిగే మామూలు మల్టీమీటర్ చాలు.

1. కోడ్ చెరిపే ముందు కాగితం మీద రాసుకోండి. మీటరు గంటలు కూడా రాయండి. అది ఇప్పుడు ఉన్న కోడా, పాత రికార్డా చూడండి.

2. బ్యాటరీలు చూడండి. 12 వోల్టులవి రెండు కలిపి ఉంటాయి. ఆపి ఉంచిన యంత్రంలో 25 వోల్టుల పైన, ఇంజన్ నడుస్తుంటే 27 నుంచి 28.5 దాకా ఉండాలి. ఒకేసారి నాలుగైదు కోడ్‌లు పడితే బ్యాటరీ, ఆల్టర్నేటర్, ఎర్తు పట్టీలనే ముందు అనుమానించాలి.

3. సెన్సరు ప్లగ్గు ఊడదీసి చూడండి. మన సముద్రపు గాలికి పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. రబ్బరు సీలు చిరిగితే ఉప్పునీరు లోపలికి పోతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరబెట్టి బిగించండి. గరుకు కాగితంతో రుద్దొద్దు. టెస్టింగు కోసం వైరు తొడుగుకి సూది గుచ్చొద్దు. ఆ బెజ్జంలోంచే తుప్పు మొదలవుతుంది.

4. ప్రెషర్ సెన్సర్లకు సాధారణంగా మూడు వైర్లు. ప్లగ్గు తీసి, తాళం ఆన్ చేస్తే వైరింగు వైపు ఒక పిన్నులో 5 వోల్టులు రావాలి, ఒకటి ఎర్తు కావాలి. 5 వోల్టులు రాకపోతే కంప్యూటర్ పోయిందనుకోకండి. ఒకే లైను మీద రెండు మూడు సెన్సర్లు ఉంటాయి. ఒక్కొక్క ప్లగ్గు తీస్తూ చూడండి. ఏది తీస్తే 5 వోల్టులు తిరిగి వచ్చాయో దొంగ అదే.

5. నీళ్ల వేడి సెన్సరుకి రెండు వైర్లుంటే ఒక చిన్న పరీక్ష ఉంది. కోడ్ 4 చూపుతుంటే, ప్లగ్గు తీసి తాళం ఆన్ చెయ్యండి. కోడ్ 3కి మారితే వైరు బాగున్నట్టు, సెన్సరు లోపల షార్ట్ అయినట్టు. 4గానే ఉండిపోతే వైరు ఎక్కడో బాడీకి రాసుకుంటోంది.

6. కోడ్ వచ్చి పోతుంటే, తాళం ఆన్‌లో ఉంచి ఒకరు మానిటర్ చూస్తుండగా ఇంకొకరు వైరు కట్టను కదిలించండి. బూమ్ మడత దగ్గర, ఇంజన్ బ్రాకెట్ల దగ్గర తొడుగు అరిగి ఉంటుంది. ఎలకలు కొరికినవీ చూడండి.

పాత బండి కొనేవారికి

యంత్రం చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. ముందే వేడెక్కించి ఉంచితే అనుమానించండి. లైట్లున్న మానిటర్ అయితే తాళం తిప్పగానే హెచ్చరిక లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరాలి. ఆయిల్ లైటు అసలు వెలగకపోతే ఎవరో దాని నోరు నొక్కేశారన్నమాట. పాత కోడ్‌ల రికార్డు తెరిచి చూపమనండి. పొద్దున్నే చెరిపేసి ఉండొచ్చు కాబట్టి కనీసం గంటసేపు మట్టి తవ్వించి మళ్లీ చూడండి. టేపు చుట్టిన అతుకులు లెక్కపెట్టండి. చివరగా ఎక్కడ పనిచేసిందో అడగండి. ఉప్పు చెరువుల్లో తిరిగిన బండికి వైరింగే మొదటి జబ్బు.

ఇవి మరవద్దు

బకెట్‌కి వెల్డింగు పెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసెయ్యండి, వెల్డింగు ఎర్తు పని దగ్గరే పట్టించండి. తాళం ఆన్‌లో ఉండగా కంట్రోలర్ ప్లగ్గు ఊడదీయొద్దు. బండి కడిగేటప్పుడు ప్లగ్గుల మీద నీళ్లు జోరుగా కొట్టొద్దు.

ఇంత చూశాక కూడా తేలకపోతే మెకానిక్‌ను పిలవండి. అప్పుడు మీ చేతిలో కోడ్ రాసిన కాగితం, వోల్టుల లెక్క ఉంటాయి. "ఏది మార్చమంటారు?" అని కాదు, "ఏ పరీక్ష చేసి ఇది పోయిందంటున్నారు?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న మీ డబ్బునీ, కాల్వలకు నీళ్లొచ్చేలోగా మీకున్న నాలుగు రోజులనీ కాపాడుతుంది.