పనివాని అన్నం వేళ

మన దుకాణంలో పనిచేసే కుర్రవాడు మధ్యాహ్నం ఏ వేళకు అన్నం తింటున్నాడో మనం ఎప్పుడైనా ఆలోచించామా?

సేవకులు మీ సోదరులేనని, మీరు తినేదే వారికీ తినిపించాలని, శక్తికి మించిన భారం మోపరాదని దైవప్రవక్త (స) ఉపదేశించారు. హజ్రత్ అబూజర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. వంట చేసి తెచ్చిన సేవకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవాలని, లేదా ఒకటి రెండు ముద్దలైనా ఇవ్వాలని మరో హదీసు బోధిస్తోంది. పొయ్యి వేడిని భరించింది అతనే కదా!

మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కూడా కార్మికులచేత ఏకబిగిన ఐదు గంటలకు మించి పని చేయించరాదని, మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలని నిర్దేశించింది.

కనుక విరామం యజమాని చూపే దయ కాదు, పనివాని హక్కు. మనం జుహర్ నమాజు చేసి, తీరిగ్గా భోంచేసి వచ్చేసరికి అతను ఆకలితో నిలబడి ఉంటే, రేపు అల్లాహ్ సన్నిధిలో మనం ఏమని సమాధానం చెప్పుకోగలం?