టొరీనో జట్టు

ఇటలీ దేశమున ఉత్తరదిశను, ఆల్ప్స్ పర్వతముల చేరువను, పో నదీతీరమున ట్యూరిన్ నగరము కలదు. ఇటలీవారు దానిని టొరీనో యందురు. మోటారుకార్ల పరిశ్రమకు పేరుగన్న యీ నగరమున ప్రసిద్ధములైన ఫుట్‌బాలు జట్లు రెండు కలవు. ఒకటి జువెంటస్, రెండవది నగరము పేరునే ధరించిన టొరీనో. గెలిచిన బహుమానముల సంఖ్యలో మొదటిదే మిన్న. కాని రెండవదాని కథ వేరు.

1906వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన, జువెంటస్‌తో పొసగక వెలికివచ్చిన కొందరు, నగరమందలి మరియొక జట్టువారితో కలిసి యొక పానశాలలో టొరీనో సంఘమును స్థాపించిరి. ముదురెరుపు చొక్కా వారి గురుతు. 1927లో లభించిన జాతీయ విజేతపదవి లంచము ఆరోపణచే రద్దుకాగా, మరుసటి యేడే వారు దానిని తిరిగి గెలుచుకొనిరి.

1939లో ఫెరూచ్చో నోవో అధ్యక్షుడయ్యెను. 1942లో అతడు వెనిస్ జట్టునుండి వాలెంటీనో మజోలా, ఎజియో లోయిక్ అను నిరువురను రప్పించెను. 1943లో జట్టు దేశమున ప్రథమస్థానము పొందెను. యుద్ధము ముగిసిన పిదప 1946, 1947, 1948 సంవత్సరములలో వరుసగా ఆ స్థానము వారిదే. 1947-48లో నలుబది ఆటలలో 125 గోలులు వేసిరి. ఫిలడెల్ఫియా యను తమ మైదానమున ఆరేండ్లకు పైగా లీగు ఆటలలో వారు ఓటమి యెరుగరు. జట్టు వెనుకబడినపుడు ప్రేక్షకులలోనున్న యొక రైల్వే ఉద్యోగి బాకా నూదెడివాడు. అది విని నాయకుడైన మజోలా చొక్కాచేతులు పైకి మడుచుకొనెడివాడు. అటుపై ఎదుటివారికి గడ్డుకాలమే!

1947 మే 11వ తేదీన హంగరీతో ఆడిన ఇటలీ జట్టు పదునొకండుగురిలో పదిమంది టొరీనోవారే. గోలుకీపరు మాత్రము జువెంటస్‌వాడు.

1949 మే 3వ తేదీన వారు పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో బెన్ఫికా జట్టుతో స్నేహపూర్వకముగా ఆడి 3-4 గోలులతో ఓడిరి. ఆ జట్టు నాయకుడగు ఫెర్రైరా గౌరవార్థము జరిగిన ఆట యది. మరునాడు విమానమున తిరిగివచ్చుచుండగా ట్యూరిన్‌పై దట్టమైన మేఘములు క్రమ్మియుండెను. సాయంకాలము అయిదుగంటలు దాటిన కొలది నిమిషములకు విమానము సుపెర్గా కొండపైనున్న చర్చి వెనుకభాగపు గోడను ఢీకొనెను. అందున్న ముప్పదియొక్కరును మరణించిరి. వారిలో ఆటగాండ్రు పదునెనిమిదిమంది. ఇటలీకి రెండుమార్లు ప్రపంచకప్పు సాధించిపెట్టిన శిక్షకుడు విట్టోరియో పోజ్జో కొండపైకి పోయి, తానెరిగిన యువకుల దేహముల నొక్కొక్కటిగా గుర్తింపవలసివచ్చెను. మోకాలి గాయముచే ప్రయాణము మానిన సౌరో తొమా బ్రతికెను. మే 6న అంత్యయాత్రకు అయిదులక్షలకు పైగా జనము కూడిరి. మజోలా కుమారుడు సాండ్రోకు అప్పటికి ఆరేండ్లు. అతడు పెరిగి ఇటలీ పక్షమున ఆడెను.

ఇంకను నాలుగు లీగు ఆటలు మిగిలియుండెను. టొరీనో తన బాలుర జట్టును దింపెను. ఎదుటి జట్లును తమ పెద్దవారిని ప్రక్కనబెట్టి బాలురనే పంపినవి. ఇంతకంటె తగిన మర్యాద వేరొకటి యుండునా? నాలుగింటను టొరీనో బాలురే గెలిచిరి. విజేతపదవి ఆ యేడును టొరీనోకే దక్కెను. ఆ నెలలోనే అర్జెంటీనానుండి రివర్ ప్లేట్ జట్టు సముద్రము దాటివచ్చి, మృతుల కుటుంబముల సహాయార్థము ఆడెను. 1950లో ప్రపంచకప్పు పోటీలకు ఇటలీ ఆటగాండ్రు విమానమెక్కక ఓడలో బ్రెజిల్ చేరిరి.

1959లో టొరీనో రెండవశ్రేణికి పడిపోయి, మరల లేచెను. 1976లో పులిచీ, గ్రాజియానీల గోలులతో విజేతయయ్యెను. 1993లో ఇటలీ కప్పు గెలిచెను. 2005లో అప్పులపాలై సంఘము దివాలా తీయగా, క్రొత్త యజమాని దానిని నిలిపెను. శిథిలమైన ఫిలడెల్ఫియా మైదానము 2017లో అభ్యాసస్థలముగా తిరిగి తెరువబడెను. ఏటేట మే 4వ తేదీన జట్టు సుపెర్గా కొండకు పోవును. నాయకుడు గోడయొద్ద నిలిచి మృతుల పేర్లు చదువును.