మందుకూ పట్టువిడుపులు ఉండాలి

ఐబుప్రోఫెన్ రక్తంలో సుమారు రెండు గంటలకే సగానికి పడిపోతుంది. అందుకే కీళ్లనొప్పుల వాళ్లు రోజుకు మూడు నాలుగు సార్లు మాత్ర వేసుకోవాల్సి వస్తుంది. ఆ మందును సిలికాలాంటి క్యారియర్‌కు పట్టించి నిదానంగా వదిలించాలని చూసే కుర్రకారుకు, ఫార్ములేషన్ ల్యాబుల్లో తల నెరిసినవాడిగా నేను చెప్పేవి ఇవి.

1. ఎంత పట్టిందన్నది సగం లెక్కే. యాక్టివేటెడ్ చార్‌కోల్ మందుల్ని గట్టిగా పట్టుకుంటుంది. కొన్ని రకాల విషాలు మింగినవాళ్లకు దాన్ని తాగించేది అందుకే. విరుగుడుకు పనికొచ్చే ఆ పట్టే మాత్రకు పనికిరాదు.

2. సిలికా కలపగానే విడుదల నెమ్మదిస్తుందనుకోకండి. ఐబుప్రోఫెన్ నీళ్లలో సరిగా కరగదు. సిలికా మీద స్ఫటిక రూపం పోయి పలచగా పరుచుకుంటే మామూలుకన్నా తొందరగా కరిగిపోతుంది.

3. నెమ్మది కావాలంటే రంధ్రం లోపలి గోడను చూడండి. మొబిల్ కంపెనీ 1992లో ప్రకటించిన ఎంసీఎం-41 సిలికాలోకి 2001లో మాడ్రిడ్ శాస్త్రవేత్తలు ఐబుప్రోఫెన్ ఎక్కించి చూపారు. ఆ గోడలకు అమైన్ గుంపులు తగిలిస్తే అవి మందులోని ఆమ్ల భాగాన్ని పట్టి ఆపుతాయి.

4. మోతాదు లెక్క మొదటిరోజే వేయండి. 800 మిల్లీగ్రాముల మందు, పొడి మొత్తంలో 30 శాతం లోడింగ్ అనుకుంటే 2.6 గ్రాములు దాటుతుంది. ఏ పెద్దాయన మింగుతాడు? 100 మిల్లీగ్రాముల డైక్లోఫెనాక్ అయితే అదే లెక్కకు 333 మిల్లీగ్రాములు చాలు.

5. లోడింగ్‌కు హెక్సేన్ వాడితే ఆరబెట్టడంలో తొందరపడొద్దు. మందులో అది 290 పీపీఎం మించకూడదు.

6. డిసొల్యూషన్ శాంపిల్ తేటగా ఉందో లేదో వెలుతురుకు ఎత్తి చూడండి. సన్నటి సిలికా తేలుతుంటే యూవీ కాంతిని చెదరగొట్టి, రాని మందును వచ్చినట్టు చూపిస్తుంది. 0.45 మైక్రాన్ల ఫిల్టరులో వడకట్టండి. ఫిల్టరు కూడా కొంత మందు పీల్చుకోవచ్చు కాబట్టి మొదట దిగిన కాస్త ద్రవాన్ని పారబోయండి.

7. గ్రాఫు చివర చూడండి. పన్నెండో గంటకు గీత 70 శాతం దగ్గర అడ్డం తిరిగిందా? పాత్రలో ద్రవం సరిపోక ఆగిందేమో ముందు తేల్చుకోండి. అది కాకపోతే మిగతా 30 శాతం క్యారియర్‌లోనే ఇరుక్కుంది. దానికి నియంత్రిత విడుదల అని పేరు పెట్టకండి. రోగి డబ్బు పోసి కొన్న మందు రోగికి అందలేదంతే.